చట్టసభలో ఓటు: సభ్యుడు ఎవరి మాట వింటాడు?

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో అటల్ బిహారీ వాజ్‌పేయీ ప్రభుత్వం కోరిన విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం కూలిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరిదన్న వాదన నేటికీ సాగుతూనే ఉంది. కొందరు గిరిధర్ గమాంగ్ పేరు చెబుతారు. అప్పటికే ఆయన ఒడిశా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, కానీ కోరాపుట్ లోక్‌సభ స్థానానికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా లేదా అన్న ప్రశ్న ఆనాటి సభాపతి, అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి ముందుకు వచ్చింది. ఆయన ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే విడిచిపెట్టారు. గమాంగ్ ఓటు తన కాంగ్రెస్ పార్టీ వైఖరినే అనుసరించింది. మరికొందరు సైఫుద్దీన్ సోజ్ పేరు చెబుతారు. ఆయన తన నేషనల్ కాన్ఫరెన్స్ పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు, బహిష్కరణకు గురయ్యారు. తటస్థంగా ఉంటారని అధికార పక్షం నమ్మిన బహుజన్ సమాజ్ పార్టీ సభ్యులు చివరి ఘడియలో నాయకురాలి నిర్ణయం మేరకు వ్యతిరేకంగా మీట నొక్కారు.

ఫలితాన్ని తేల్చాయని చెప్పుకునే ఈ ఓట్ల వెనుక ఉన్న కారణాలు ఒక్కటి కావు. ఒకటి పార్టీ క్రమశిక్షణ. ఒకటి వ్యక్తిగత ధిక్కారం. మరొకటి అధినాయకత్వ వ్యూహం. చట్టసభ సభ్యుడి ఓటును ఏది నిర్ణయిస్తుందన్న ప్రశ్నకు సిద్ధాంతం, నియోజకవర్గం, కులం, ప్రాంతం, ధనం, పదవి, మనస్సాక్షి అంటూ సాధారణంగా చెప్పే జవాబులన్నింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే భారత చట్టసభల అనుభవాన్ని పరిశీలిస్తే వీటన్నింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. ఆ ఓటు ఎవరి కంటికి కనబడుతుంది? పార్టీకి కనబడే ఓటు ఒక రకంగా పడుతుంది, ఎవరికీ కనబడని ఓటు మరో రకంగా పడుతుంది. ప్రజలకు కనబడే ఓటు మన దేశంలో ఈ రెండింటికంటే అరుదు.

విప్ అనే కొరడా

విప్ అంటే ఆంగ్లంలో కొరడా. వేటలో కుక్కల గుంపు చెదిరిపోకుండా చూసే మనిషికి ఇంగ్లండులో ఉన్న పేరు బ్రిటిష్ పార్లమెంటుకు, అక్కడి నుంచి మనకు వచ్చింది. పార్టీ సభ్యులు సభకు హాజరు కావాలని, ఫలానా విధంగా ఓటు వేయాలని ఇచ్చే ఆదేశానికీ, ఆ ఆదేశాన్ని జారీ చేసే వ్యక్తికీ ఇదే పేరు. ఆదేశం కింద ఎన్ని గీతలు గీస్తే అంత తీవ్రత. మూడు గీతల విప్‌ను ధిక్కరించడం తీవ్రమైన క్రమశిక్షణ ఉల్లంఘన.

బ్రిటన్‌లో విప్‌ను ధిక్కరించిన సభ్యుడిని పార్టీ వెలివేయవచ్చు, మరుసటి ఎన్నికల్లో టికెట్ నిరాకరించవచ్చు. కానీ అతని సభ్యత్వం పోదు. భారతదేశంలో పోతుంది. మన సభ్యుడి ప్రవర్తనను మరే ఇతర అంశం కంటే ఈ తేడాయే ఎక్కువగా మలచింది. దాని నేపథ్యం 1967 ఎన్నికల తరువాతి రోజుల్లో ఉంది. అప్పుడు పలు రాష్ట్రాల్లో కాంగ్రెస్ బలం తగ్గి ప్రభుత్వాలు నెలల వ్యవధిలో మారిపోయాయి. హర్యానాలో గయా లాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడు సార్లు పార్టీ మారడంతో ‘ఆయా రామ్, గయా రామ్’ అన్న నానుడి పుట్టింది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకా తీవ్రమైనది. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. తన ఎమ్మెల్యేలు చేజారిపోకుండా రామారావు పక్షం వారిని కర్ణాటకకు తరలించింది. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగునాట ‘క్యాంపు రాజకీయం’ అన్న మాట వాడుకలో స్థిరపడడానికి ఆ నెల రోజులే ప్రధాన కారణం. పార్టీ ఆదేశానికి చట్టబద్ధమైన శక్తి లేని కాలంలో సభ్యుడిని కాపాడుకోవడానికి నాయకత్వానికి మిగిలినవి బస్సు, హోటల్ గది, కాపలా మాత్రమే. చట్టం వచ్చాక కూడా ఆ మూడూ పోలేదన్నది వేరే సంగతి.

ఆ తరువాత కొద్ది నెలలకే, రాజీవ్ గాంధీ ప్రధానమంత్రిగా ఉండగా, 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1985 మార్చి 1 నుంచి పదో షెడ్యూలు అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సభ్యుడు స్వచ్ఛందంగా పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నా, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగ్‌కు గైర్హాజరైనా అనర్హుడవుతాడు. ముందుగా పార్టీ అనుమతి ఉంటే, లేదా 15 రోజుల్లో పార్టీ క్షమిస్తే వేటు ఉండదు. అంటే శిక్షించాలా, విడిచిపెట్టాలా అన్న తాళంచెవిని చట్టం పార్టీ చేతికే ఇచ్చింది.

గమనించవలసిందేమిటంటే, చట్టం ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటుకూ, ఒక సాధారణ బిల్లుపై ఓటుకూ తేడా చూపలేదు. కిహోటో హొల్లోహన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో పదో షెడ్యూలును సమర్థిస్తూనే ఈ ఇబ్బందిని గుర్తించింది. సభ్యత్వం పోయే స్థాయి ఆదేశాలను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకు, పార్టీ మౌలిక విధానానికి చెందిన అంశాలకు పరిమితం చేయడం సమంజసమని వ్యాఖ్యానించింది. అంతకు రెండేళ్ల ముందే దినేశ్ గోస్వామి కమిటీ కూడా ఇదే దారిలో సిఫారసు చేసింది. కాంగ్రెస్ సభ్యుడు మనీశ్ తివారీ 2010లో ఈ ఉద్దేశంతోనే ప్రైవేటు సభ్యుల బిల్లు తెచ్చారు. ఇవేవీ చట్టంగా మారలేదు. విప్‌పై అధికారాన్ని వదులుకోవడానికి ఏ పార్టీ నాయకత్వమూ, అధికారంలో ఉన్నదైనా ప్రతిపక్షంలో ఉన్నదైనా, ఉత్సాహం చూపకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఫలితంగా సభ్యుడు బిల్లును చదవడం వల్ల ఒరిగే ప్రయోజనం తగ్గింది. చదివి భిన్నాభిప్రాయానికి వచ్చినా ఓటు మారదు. పైగా చదివే వ్యవధి కూడా అన్నిసార్లూ ఉండదు. 2021 నవంబరు 29న సాగు చట్టాల రద్దు బిల్లు ఒకే రోజు ఉభయ సభల్లోనూ నిమిషాల్లో ఆమోదం పొందింది. 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు స్థాయీ సంఘాల పరిశీలనకు వెళ్లగా 17వ లోక్‌సభ నాటికి ఆ వాటా 16 శాతానికి పడిపోయింది. ఈ అంకెలకు ఇక్కడ ప్రాధాన్యం ఉంది. పార్లమెంటరీ సంఘాల్లో విప్ ఉండదు, కెమెరాలు ఉండవు. ఒకే పార్టీకి చెందిన సభ్యులు అధికారులను ప్రశ్నించి, తమ పార్టీ మంత్రి తెచ్చిన బిల్లుకు సైతం మార్పులు సూచించే చోటు అది. ఆ చోటు కుదించుకుపోతే సభ్యుడికి సొంత ఆలోచనను ప్రకటించే అవకాశమూ కుదించుకుపోతుంది.

మూడింట రెండు వంతుల లెక్క

చట్టం భయపెడితే సభ్యుడు చట్టంలోని అంకెను చూసుకుంటాడు. పదో షెడ్యూలు తొలి రూపంలో మూడింట ఒక వంతు సభ్యులు విడిపోతే దాన్ని చీలికగా గుర్తించేవారు. 2003 నాటి 91వ సవరణ ఆ వెసులుబాటును తొలగించింది. మంత్రిమండలి పరిమాణాన్ని సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది కూడా ఆ సవరణే. ఫిరాయించిన ప్రతివారికీ మంత్రి పదవి ఇచ్చే దారిని అలా కొంత మూసింది. ఇక మిగిలింది విలీనం. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే అనర్హత వర్తించదు.

2019 జూన్‌లో తెలుగు రాష్ట్రాలకు చెందిన రెండు సంఘటనలు ఈ అంకె పనిచేసే తీరుకు చక్కని ఉదాహరణలు. తెలంగాణ శాసనసభలో 18 మంది ఉన్న కాంగ్రెస్ పక్షం నుంచి 12 మంది అప్పటి తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమయ్యారు. రాజ్యసభలో ఆరుగురు ఉన్న తెలుగుదేశం పక్షం నుంచి నలుగురు భారతీయ జనతా పార్టీలో కలిశారు. రెండు చోట్లా లెక్క సరిగ్గా మూడింట రెండు వంతులే. ఇలాంటి సందర్భంలో చివరిగా చేరవలసిన ఒక్క సభ్యుడి విలువ ఎంతగా పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

సంఖ్య సరిపోనప్పుడు మరో రెండు దారులున్నాయి. ఒకటి రాజీనామా. 2019లో కర్ణాటకలో 17 మంది పాలక కూటమి ఎమ్మెల్యేలు ఆ దారి ఎంచుకున్నారు. ప్రభుత్వం కూలింది. వారి అనర్హతను సుప్రీంకోర్టు సమర్థించినా ఉప ఎన్నికల్లో పోటీకి అనుమతించింది. ఆ డిసెంబరులో 15 స్థానాలకు జరిగిన ఉప ఎన్నికల్లో 12 భాజపాకు దక్కాయి. ఇక్కడ సభ్యులు విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేయలేదు. ఓటు వేయవలసిన అవసరమే లేకుండా చేసుకున్నారు.

రెండోది సభాపతి జాప్యం. అనర్హత పిటిషన్లను తేల్చే అధికారం సభాపతిది. సభాపతి సాధారణంగా అధికార పక్షం బలంతో ఎన్నికైన వ్యక్తి. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరినప్పుడు సభ గడువు ముగిసే దాకా నిర్ణయం రాలేదు. మణిపుర్‌కు సంబంధించిన కేసులో 2020లో సుప్రీంకోర్టు, అసాధారణ పరిస్థితులుంటే తప్ప, మూడు నెలలను సహేతుకమైన గడువుగా పేర్కొంది. భారత్ రాష్ట్ర సమితి నుంచి పార్టీ మారారన్న పది మంది తెలంగాణ ఎమ్మెల్యేల వ్యవహారంలో 2025 జులై 31న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని సభాపతిని ఆదేశించింది. ఈ అధికారాన్ని సభాపతుల వద్దే ఉంచడం సబబా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది.

రహస్య బ్యాలెట్ చెప్పే కథ

విప్ వర్తించని ఓట్లు కూడా ఉన్నాయి. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో జరుగుతాయి. పార్టీ ఆదేశించడానికి వీల్లేదు. చట్టసభ సభ్యుడు స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఏం చేస్తాడో తెలుసుకోవడానికి ఇవి మంచి పరీక్షలు.

అన్నింటిలోకీ ప్రసిద్ధమైనది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాన పోటీదారులిద్దరూ తెలుగువారే. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థి. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప నాయకత్వంలోని పెద్దలు సంజీవరెడ్డిని నిలబెట్టగా, ప్రధాని ఇందిరా గాంధీ సభ్యులు మనస్సాక్షి ప్రకారం ఓటు వేయాలన్నారు. తొలి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ అవసరమైన మెజారిటీ రాలేదు. తదుపరి ప్రాధాన్యాల లెక్కింపు ముగిశాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓటు విలువలు వచ్చాయి. కొద్ది నెలల్లోనే కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఆ ఎన్నికను మనస్సాక్షి విజయంగా వర్ణించడం పరిపాటి. కొంచెం నిదానంగా చూడాలి. ఆ పిలుపు ఇచ్చింది సాక్షాత్తూ ప్రధానమంత్రి. పార్టీలో రెండు అధికార కేంద్రాలు ఏర్పడినప్పుడు ఒకదానికి వ్యతిరేకంగా ఓటు వేయడం మరొకదానికి అనుకూలంగా వేయడమే. మనస్సాక్షి అన్న మాట ఆ ఎంపికకు గౌరవప్రదమైన పేరు. అయినప్పటికీ బ్యాలెట్ రహస్యం కాకుండా ఉంటే, పదో షెడ్యూలు వంటిది ఆ ఎన్నికకూ వర్తించి ఉంటే, అంతమంది అధికారిక అభ్యర్థిని కాదనగలిగేవారు కాదన్నది నిర్వివాదం.

ప్రాంతీయ అభిమానం ఓటును కదిలిస్తుందా? 2007లో ఎన్డీయేలో ఉంటూనే శివసేన మహారాష్ట్రకు చెందిన ప్రతిభా పాటిల్‌కు మద్దతిచ్చింది. 2025 సెప్టెంబరు 9 నాటి ఉపరాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి తెలుగువారు. అయినా తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ ఎన్డీయే అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కు మద్దతు ప్రకటించాయి. భారత్ రాష్ట్ర సమితి ఓటింగ్‌కు దూరంగా ఉంది. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు రాగా 15 చెల్లలేదు. భాషాభిమానం ఉపన్యాసంలో వినిపించినంతగా బ్యాలెట్‌లో కనిపించలేదు. కేంద్రంతో రాష్ట్రానికి, పార్టీకి ఉన్న అవసరాలు దానికంటే బరువైనవిగా తేలాయి.

రాజ్యసభ ఎన్నికల సంగతి విచిత్రమైనది. ధన ప్రభావాన్ని అరికట్టే ఉద్దేశంతో 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి బహిరంగ ఓటు ప్రవేశపెట్టారు. ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ప్రతినిధికి చూపించాలి. కుల్దీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. కానీ ఈ ఎన్నిక సభా వ్యవహారం కాదు కనుక పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేసినంత మాత్రాన పదో షెడ్యూలు వేటు పడదు. 2024 ఫిబ్రవరి 27న హిమాచల్ ప్రదేశ్‌లో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు భాజపా అభ్యర్థికి ఓటు వేశారు. ఓట్లు 34-34గా సమానమయ్యాయి. లాటరీలో అభిషేక్ మను సింఘ్వీ ఓడిపోయారు. రెండు రోజుల తరువాత ఆ ఆరుగురూ అనర్హులయ్యారు. కారణం రాజ్యసభ ఓటు కాదు, బడ్జెట్ ఆమోదానికి సభలో ఉండాలన్న విప్‌ను పాటించకపోవడం. ఒక రోజు తేడాతో ఒకే సభ్యుడి ఒక ధిక్కారం శిక్షకు అందనిదైతే, మరొకటి సభ్యత్వాన్నే తీసుకుపోయింది.

ఎమ్మెల్యేల కోటా శాసనమండలి ఎన్నికల్లో బ్యాలెట్ ఇంకా రహస్యమే. 2023 మార్చి 23న ఆంధ్రప్రదేశ్‌లో ఏడు స్థానాలకు జరిగిన పోలింగ్‌లో తెలుగుదేశం అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. ఆ పార్టీ గుర్తుపై 2019లో గెలిచినవారు 23 మందే అయినా, అప్పటికి వారిలో నలుగురు ఆ పార్టీకి దూరమై ఉన్నారు. పాలక వైఎస్సార్ కాంగ్రెస్ తన నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. రహస్య బ్యాలెట్‌లో ఎవరు ఎటు వేశారో పార్టీలు ఎలా పసిగడతాయన్న సందేహం సహజం. ఎమ్మెల్యేలను బృందాలుగా విడగొట్టి, ఒక్కో బృందానికి ఒక్కో అభ్యర్థిని కేటాయిస్తారు. తగ్గిన ఓట్లు ఏ బృందానివో లెక్కలో తేలిపోతుంది. రహస్యం పలచబడుతుంది.

ధనం, కోర్టులు

1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం 251-265 ఓట్లతో వీగిపోయింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు, మరికొందరు లంచం తీసుకుని ప్రభుత్వాన్ని కాపాడారన్న అభియోగం కోర్టుకెక్కింది. సభలో చేసిన ప్రసంగానికి, వేసిన ఓటుకు కోర్టులో జవాబు చెప్పనవసరం లేదని 105వ అధికరణ చెబుతోంది. ఆ రక్షణ లంచం కేసుకూ వర్తిస్తుందా? 1998లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో వర్తిస్తుందని చెప్పింది. దాని పర్యవసానం వింతగా ఉంది. డబ్బు తీసుకుని ఒప్పుకున్న ప్రకారం ఓటు వేసినవారికి రక్షణ లభించింది. డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ ఉండి కూడా ఓటు వేయని అజిత్ సింగ్‌కు లభించలేదు. లంచం ఇచ్చారన్న అభియోగంపై పి.వి.ని 2000లో విచారణ కోర్టు దోషిగా తేల్చగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది.

పాతికేళ్లకు పైగా నిలిచిన ఆ తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తవుతుందని, ఆ తరువాత ఓటు ఎటు పడిందన్నది అనవసరమని స్పష్టం చేసింది. 2012 రాజ్యసభ ఎన్నికకు సంబంధించిన ఆ కేసులో ఆరోపణలు ఎదుర్కొన్న సీతా సోరెన్, 1993 వివాదంలోని శిబూ సోరెన్‌కు కోడలు కావడం యాదృచ్ఛికమే.

డబ్బు మాట అలా ఉంచితే, రోజువారీ రాజకీయాల్లో సభ్యుడిని కట్టిపడేసేది అంతకంటే నిరాడంబరమైన కాగితం. అది ఎన్నికల వేళ పార్టీ ఇచ్చే బీ-ఫారం. అభ్యర్థుల ఎంపిక పూర్తిగా అధినాయకత్వం చేతిలో ఉన్న పార్టీల్లో పదో షెడ్యూలు లేకపోయినా సభ్యుడు గీత దాటడం అంత సులభం కాదు.

నియోజకవర్గం గొంతెత్తినప్పుడు

పార్టీ ఒత్తిడిని మించే ఒత్తిడి ఒక్కటే ఉంది. అది సొంత ఊరిలో మొహం చూపించలేని పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ విభజన సమయంలో అదే జరిగింది. సీమాంధ్ర ప్రాంత కాంగ్రెస్ ఎంపీలు కొందరు తమ సొంత ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసు ఇచ్చారు. 2014 ఫిబ్రవరి 11న ఆరుగురిని పార్టీ బహిష్కరించింది. తెలంగాణ ప్రాంత సభ్యులపై ఒత్తిడి సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో ఉంది. ఒకే పార్టీ, ఒకే రాష్ట్రం, రెండు ప్రజాభిప్రాయాలు. పార్టీ గీత కంటే ప్రాంతం గీత బలంగా కనిపించిన సందర్భం అది.

అయితే ఆ బిల్లుపై ఎవరు ఎటు ఓటు వేశారో అధికారిక జాబితా కోసం వెదికితే దొరకదు. 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ బిల్లును తిరస్కరించిన తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును ఆమోదించినదీ మూజువాణితోనే. రెండు కోట్ల కుటుంబాల భవిష్యత్తుకు సంబంధించిన నిర్ణయంలో సభ్యుల పేర్లు ‘అవును’, ‘కాదు’ అన్న రెండు కేకల్లో కలిసిపోయాయి.

ప్రజలకు వినిపించే మాట ఒకటి, లెక్కకు వచ్చే ఓటు మరొకటి కావడానికి 2012 డిసెంబరు 5 నాటి ఉదంతం మేలైన నమూనా. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులను వ్యతిరేకిస్తూ ప్రతిపక్షం తెచ్చిన తీర్మానంపై చర్చలో సమాజ్‌వాదీ, బహుజన్ సమాజ్ పార్టీలు ఆ విధానాన్ని దుయ్యబట్టాయి. ఓటింగ్ వేళకు రెండూ సభ నుంచి వాకౌట్ చేశాయి. తీర్మానం 218-253తో వీగిపోయింది. చిన్న వర్తకుడికి ప్రసంగం దక్కింది, ప్రభుత్వానికి మనుగడ దక్కింది. గైర్హాజరీ కూడా ఒక ఓటే.

పొరుగు దేశాల్లో

దక్షిణాసియాలో కట్టుదిట్టమైన నిబంధన బంగ్లాదేశ్‌ది. 1972 రాజ్యాంగంలోని 70వ అధికరణ పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యుడి స్థానం ఖాళీ అవుతుందని చెబుతుంది. మన పదో షెడ్యూలు కంటే అది పదమూడేళ్లు పెద్దది. పాకిస్తాన్‌లో 63-ఏ అధికరణ కొన్ని నిర్దిష్ట ఓట్లకే వర్తిస్తుంది. ఫిరాయించిన సభ్యుడి ఓటును అసలు లెక్కించరాదని 2022 మేలో అక్కడి సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2024 అక్టోబరు 3న అదే కోర్టు ఆ అభిప్రాయాన్ని రద్దు చేసింది. ఆ నెలలోనే 26వ రాజ్యాంగ సవరణ ప్రతిపక్షానికి చెందిన కొందరి ఓట్లతో గట్టెక్కింది. శ్రీలంకలో బహిష్కృత సభ్యుడు సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు, బహిష్కరణ చెల్లదని కోర్టు తేలిస్తే స్థానం నిలుస్తుంది. కోర్టులు అక్కడ పలువురు సభ్యులను కాపాడాయి.

వీటికి భిన్నంగా బ్రిటన్‌లో నైతిక అంశాలపై విప్ లేకుండా ఓటు వేయనిచ్చే ఆనవాయితీ ఉంది. మరణాసన్న రోగుల స్వచ్ఛంద మరణానికి వైద్య సహాయం బిల్లుపై 2024 నవంబరు 29న ప్రతినిధుల సభ 330-275గా చీలినప్పుడు ప్రధాన పార్టీలన్నీ రెండు వైపులా కనిపించాయి. మన దగ్గర అలాంటి ప్రయత్నం 2025 ఏప్రిల్‌లో బిజూ జనతా దళ్ చేసింది. వక్ఫ్ సవరణ బిల్లుపై రాజ్యసభలో తన సభ్యులను మనస్సాక్షి ప్రకారం నడుచుకోమంది. బిల్లు 128-95తో నెగ్గింది. విప్ ఎందుకు ఇవ్వలేదంటూ ఆ పార్టీలోనే పెద్ద దుమారం లేచింది. స్వేచ్ఛ ఇచ్చిన పార్టీ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం మన అలవాట్లను తెలుపుతుంది.

సభ్యుడి ఓటును తెలుసుకునేదెలా?

రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ కావాలి కనుక డివిజన్ తప్పనిసరి. మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారని, ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ అని మనకు తెలియడానికి కారణం అదే. సాధారణ బిల్లుల్లో అత్యధికం మూజువాణితోనే ముగుస్తాయి. సభాపతి ప్రకటించిన ఫలితాన్ని సవాలు చేసి ఏ సభ్యుడైనా డివిజన్ కోరవచ్చు. కానీ ఆ కోరిక అనవసరమని సభాపతి భావిస్తే, లోక్‌సభ నియమాల్లో 367వ దాని ప్రకారం, సభ్యులను తమ స్థానాల్లో లేచి నిలబడమని లెక్కపెట్టి ఫలితం ప్రకటించవచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులపై డివిజన్ కోసం ప్రతిపక్షం పట్టుబట్టినా, సభ్యులు తమ స్థానాల్లో లేరన్న కారణం చూపి మూజువాణితో ఆమోదించడం తీవ్ర వివాదమైంది.

డివిజన్ జరిగినప్పుడు అనుకూలురు, ప్రతికూలురు, తటస్థుల పేర్లు సభా చర్చల అధికారిక ప్రతిలో అచ్చవుతాయి. పార్లమెంటు వెబ్‌సైటులో తేదీ ప్రకారం ఆ ప్రతులను తెరిచి తమ ఎంపీ పేరు ఏ వరుసలో ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. బిల్లు మూజువాణితో ఆమోదం పొందిన రోజు ప్రతిలో మాత్రం ‘తీర్మానం ఆమోదించబడింది’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది.